సొరుగులోంచి గోడ మీదికి: ఫ్రెంచి అచ్చుబొమ్మను జపాన్ మార్చిన తీరు

పందొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో ఎదో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, ఒక రంగుల అచ్చుబొమ్మ కొనాలంటే ఒక గిన్నె సోబా నూడుల్స్‌కి అయ్యేంత డబ్బు చాలు. నాటక నటుడి బొమ్మో, ఫ్యుజి కొండ బొమ్మో కొనుక్కొచ్చి ఇంట్లో స్తంభానికి అంటించుకునేవాళ్లు, విసనకర్రకు అతికించుకునేవాళ్లు. చిరిగిపోతే పారేసేవాళ్లు. అదే కాలంలో పారిస్‌లో మంచి అచ్చుబొమ్మ బతుకు వేరు. రాగి రేకు మీద చెక్కి, నల్ల సిరాతో అచ్చేసిన ఆ కాగితాన్ని అట్టల మధ్య పెట్టి సొరుగులో దాచేవాళ్లు. రసికుడైన స్నేహితుడు వచ్చినప్పుడు బయటికి తీసి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని గీత గీతా చూసేవాళ్లు. గోడ ఆయిల్ పెయింటింగుది, సొరుగు అచ్చుబొమ్మది.

జపాన్ ప్రభావం అనగానే మానే, మోనే, వాన్ గో పేర్లు వరసగా వస్తాయి. అవి చిత్రకారుల కథలు. చిత్రకారుడు జపాన్ బొమ్మను చూసి దాన్ని కాన్వాసు మీద వేరే వస్తువుగా మార్చాలి. అచ్చు కళాకారుడి ఎదుట ఉన్నదీ అచ్చే, తను చేసేదీ అచ్చే. అందుకే ఇచ్చిపుచ్చుకోవడం ఎలా జరిగిందో ఇక్కడ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పూలూ పక్షులూ కిమోనోలూ ఎత్తుకోవడం ఇందులో చిన్న సంగతి. అచ్చుబొమ్మ ఇంటి అలంకారం కావచ్చు, అందులో చిన్నతనం ఏమీ లేదు అన్న ధైర్యం ఫ్రాన్స్‌కి జపాన్ నుంచి వచ్చింది. ఆ ధైర్యంతో ఫ్రెంచివాళ్లు చేసిన పనిలో మాత్రం ఒక తమాషా ఉంది. నూడుల్స్ ధరకు దొరికే బొమ్మను చూసి, పాతికో వందో కాపీలు మాత్రమే అచ్చేసే ఖరీదైన బొమ్మను తయారుచేశారు.

ముందు జపాన్ బొమ్మ తయారయ్యే పద్ధతి చూడాలి. అందులో నలుగురి చెయ్యి ఉంటుంది. ప్రచురణకర్త పెట్టుబడి పెడతాడు, చిత్రకారుడు గీస్తాడు, చెక్కేవాడు చెర్రీ చెక్క మీద గీతలు తేలేలా చెక్కుతాడు, అచ్చేసేవాడు రంగు పూసి కాగితం పరిచి వెనకనుంచి గుండ్రటి చేతి బిళ్లతో రుద్దుతాడు. రంగు రంగుకీ ఒక చెక్క. పెడనలో కలంకారీ అద్దకం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. అక్కడా గీతకు ఒక అచ్చు, నింపే ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. (అద్దకం బట్టల మీద ఫ్రాన్స్‌కి పాత మోజే. మచిలీపట్నం వైపు నుంచీ కోరమాండల్ తీరమంతటి నుంచీ వెళ్లిన పూల బట్టల దెబ్బకు తమ నేతగాళ్లు దెబ్బతింటున్నారని 1686లో నిషేధం పెట్టి, 1759 దాకా ఎత్తెయ్యలేదు.) రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవడానికి జపాన్ చెక్క మూలన ఒక గాడి, పక్కన ఒక గీత చెక్కుతారు. కాగితం మూల ఆ గాడిలో ఆనిస్తే ఎన్ని చెక్కలు మార్చినా బొమ్మ చెదరదు. నీళ్లలో కలిపిన రంగు కాగితం నారలోకి ఇంకుతుంది. ఫ్రాన్స్‌లో వాడే నూనె సిరా కాగితం పైన పొరలా కూర్చుని మెరుస్తుంది. ఈ చిన్న తేడా తరవాత చాలామందిని కష్టపెట్టింది.

జపాన్ తలుపులు 1854లో అమెరికాతో కుదిరిన ఒప్పందంతో తెరుచుకున్నాయి. ఫ్రాన్స్‌తో ఒప్పందం 1858లో జరిగింది. కానీ అందరూ చెప్పుకునే కథ 1856లో మొదలవుతుంది. ఫెలిక్స్ బ్రాక్‌మోన్ అనే కుర్ర ఎచింగ్ (రాగి రేకు మీద గీతను యాసిడ్‌తో తినిపించి అచ్చేసే) కళాకారుడు తన బొమ్మలు అచ్చేసే డెలాత్ర్ షాపుకి వెళ్లాడట. అక్కడ జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ స్కెచ్చుల పుస్తకం ‘మాంగా’ సంపుటం ఒకటి కంటపడింది. డెలాత్ర్ దాన్ని అమ్మనన్నాడు. కొన్నాళ్లకు మరొకరి దగ్గర అలాంటిదే దొరికితే బ్రాక్‌మోన్ సంపాదించి, కనిపించినవాడికల్లా చూపించాడు. ఆ పుస్తకం పింగాణీ సామాన్లు పగలకుండా పెట్టెలో కుక్కిన కాగితంగా వచ్చిందని కూడా ఒక మాట ఉంది. ఈ కథ అచ్చులోకి ఎక్కింది 1905లో, దాదాపు యాభై ఏళ్లు గడిచాక. వర్తకం ఇంకా సరిగ్గా మొదలుకాని 1856లో అది ఎలా వచ్చిందన్న అనుమానం పండితులకు ఉంది. సంవత్సరం ఒకటి రెండు అటూ ఇటూ కావచ్చు. ఆ పుస్తకంతో బ్రాక్‌మోన్ ఏం చేశాడన్న విషయంలో మాత్రం అనుమానం అక్కర్లేదు, ఎందుకంటే ఆ పళ్లాలు ఇప్పటికీ ఉన్నాయి.

1866లో పింగాణీ వ్యాపారి యూజీన్ రూసో ఒక భోజనాల సెట్టుకి డిజైన్లు కావాలని బ్రాక్‌మోన్‌ని అడిగాడు. బ్రాక్‌మోన్ హొకుసాయ్, హిరోషిగే పుస్తకాల్లోంచి కోళ్లు, బాతులు, చేపలు, రొయ్యలు, తూనీగలు, పూల కొమ్మలు తీసుకుని రాగి రేకుల మీద ఎచింగ్ చేశాడు. వాటిని కాగితం మీద అచ్చేసి, ఒక్కో బొమ్మనూ కత్తిరించి, మట్టి పళ్లెం మీద అంటించి కొలిమిలో పెట్టేవాళ్లు. కాగితం కాలిపోతుంది, గీత పళ్లెం మీద మిగిలిపోతుంది. తరవాత చేత్తో రంగులు నింపుతారు. ఒక పళ్లెం మీద మామూలుగా మూడు బొమ్మలు: ఒకటి పెద్దది, ఒకటి మధ్యరకం, ఒకటి చిన్నది. పెద్ద కోడి ఒక పక్కకు ఒరిగి ఉంటుంది, అవతలి అంచున ఒక పువ్వు, ఎక్కడో ఒక పురుగు. మధ్యలో తెల్లటి ఖాళీ.

అంతకుముందు యూరప్‌లో ఖరీదైన పళ్లెం అంటే మామూలుగా నట్టనడుమ ఒక దృశ్యం, చుట్టూ అంచుకు సమంగా పూలదండ. ఇక్కడ నడుము లేదు, సమానం లేదు. పైగా కత్తిరించిన బొమ్మలు ఎక్కడ అంటించాలో చాలావరకు పనివాడి చేతిలోనే ఉంది కాబట్టి రెండు పళ్లాలు అచ్చంగా ఒకేలా ఉండాల్సిన పనిలేదు. 1867 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఈ సెట్టు పెట్టినప్పుడు మెచ్చుకోళ్లు బాగానే వచ్చాయి, తరవాత దశాబ్దాల పాటు అమ్ముడుపోతూనే ఉంది. జపాన్ నేర్పిన పాఠం ఫ్రెంచి ప్రింట్ కళలోకి మొదట బలంగా దిగింది గోడ మీద కాదు, అన్నం తినే పళ్లెంలో. కళా చరిత్రలు దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తుంటాయి, బహుశా పళ్లెం కాబట్టే. ఎచింగ్ అనే సొరుగు కళ రోజువారీ వస్తువై బతికిన సందర్భం ఇది.

అదే ఏడాది బ్రాక్‌మోన్, విమర్శకుడు ఫిలిప్ బుర్తీ, మరికొందరు కలిసి సెవ్ర్ ఊళ్లో జాంగ్లార్ అనే సరదా సంఘం పెట్టుకుని జపాన్ పద్ధతిలో విందులు చేసుకున్నారు. ఈ పిచ్చికి ‘జపనిస్మ్’ అని పేరు పెట్టింది బుర్తీనే, 1872లో. ఆయన సేకరించిన జపాన్ వస్తువులను ఫెలిక్స్ బ్యూఓ పది ఎచింగులుగా చేశాడు. బ్యూఓ తన కాగితాల మీద ఎర్రటి గుడ్లగూబ ముద్ర కూడా వేసేవాడు. జపాన్ బొమ్మ మీద కనిపించే ఎర్ర ముద్ర ఫ్రెంచివాళ్లకు అంత నచ్చింది మరి.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది. గీత చుట్టూ గీసి, లోపల ఒకే రంగు చదునుగా నింపిన చవక బొమ్మలు ఫ్రాన్స్‌లో అంతకుముందు లేవా? ఉన్నాయి. తూర్పు ఫ్రాన్స్‌లోని ఎపినాల్ ఊళ్లో పెల్లెరాన్ కుటుంబం 1796 నుంచే అచ్చేస్తోంది. చెక్కతో గీత అచ్చేసి, కత్తిరించిన అట్టల మీదుగా ఎరుపు, నీలం, పసుపు రుద్దేవాళ్లు. దేవుళ్లు, నెపోలియన్ యుద్ధాలు, పిల్లల కథలు. సంతలో కొనుక్కుని పల్లెటూరి ఇంటి గోడకు అంటించుకునే బొమ్మలు. చదునైన రంగు, బలమైన గీత, నీడలు లేకపోవడం అన్నీ వాటిలో ఉన్నాయి. కానీ చదువుకున్న పారిస్ కళ్లకు అవి మోటు. ఎవరి బొమ్మనైనా తిట్టాలంటే ‘ఎపినాల్ బొమ్మలా ఉంది’ అంటే సరిపోయేది. ఇంచుమించు అవే గుణాలు సముద్రం దాటి, మరింత నైపుణ్యంతో, తెలియని లిపితో వచ్చేసరికి గొప్ప కళ అయ్యాయి. జపాన్‌లో మాత్రం ఆ బొమ్మ స్థానం ఎపినాల్ బొమ్మకు మరీ దూరం కాదు. అక్కడి ఉన్నత వర్గాలు దాన్ని కళగా లెక్కపెట్టలేదు. దూరపు కొండలు నునుపన్న సామెత ఇక్కడ తిట్టు కానక్కర్లేదు. ఆ దూరమే లేకపోతే ఫ్రెంచివాళ్లు చదును రంగును మర్యాదగా చూసేవాళ్లే కాదేమో.

ఇంకో సంగతి. హొకుసాయ్ ఫ్యుజి బొమ్మల్లో అందరినీ కట్టిపడేసిన ఆ లోతైన నీలం యూరప్‌దే. బెర్లిన్‌లో పుట్టిన ప్రష్యన్ బ్లూ రంగు ఓడల్లో జపాన్ చేరి, 1830 ప్రాంతాల్లో చవకై, ఆ బొమ్మల్లోకి ఎక్కింది. పారిస్‌వాళ్లు ముచ్చటపడిన ‘జపాన్ నీలం’ సగం పుట్టింటికి తిరిగొచ్చిన సరుకే.

1880ల నాటికి ఇది పెద్ద వ్యాపారం. 1878 ప్రదర్శనకు దుబాసీగా వచ్చిన తదమాసా హయాషీ పారిస్‌లోనే ఉండిపోయి దుకాణం పెట్టాడు. 1890 తరవాతి పదకొండేళ్లలో ఆయన తెప్పించిన అచ్చుబొమ్మలే లక్షన్నర దాటాయి. జర్మనీ నుంచి వచ్చి స్థిరపడ్డ సీగ్‌ఫ్రీడ్ బింగ్ 1888 నుంచి 1891 దాకా జపాన్ కళ మీద 36 సంచికల పత్రికను మూడు భాషల్లో నడిపాడు. 1890 వసంతంలో ప్రభుత్వ కళాశాల ఎకోల్ దె బోజార్‌లో 700కు పైగా అచ్చుబొమ్మలతో ప్రదర్శన పెట్టించింది కూడా ఆయనే. అంతకుముందు పదీ పాతికా బొమ్మలు చూసి ఊహించుకున్నవాళ్లకు మొదటిసారి ఆ సంప్రదాయం వరస మొత్తం కళ్లముందు కనపడింది.

ఆ ప్రదర్శనకు మళ్లీ మళ్లీ వెళ్లినవాళ్లలో మేరీ కసాట్ ఒకరు. అమెరికాలో పుట్టి పారిస్‌లో స్థిరపడిన ఈ చిత్రకారిణి, వచ్చి చూడకపోతే నష్టపోతావని స్నేహితురాలు బెర్త్ మోరిసోకి ఉత్తరం రాసింది. మరుసటి ఏడాదే పది రంగుల అచ్చుబొమ్మల సెట్టు తెచ్చింది. బిడ్డకు నీళ్లు పోసే తల్లి, ఉత్తరం కవరు నాలుకతో అంటించే స్త్రీ, అద్దం ముందు జుట్టు ముడేసుకునే స్త్రీ, దర్జీ ముందు నిలబడి కొలతలు ఇచ్చే స్త్రీ. జపాన్ చిత్రకారుడు ఉతమారో గీసిన ఎదో నగరపు స్త్రీల దినచర్యను ఆమె పారిస్ గదుల్లోకి తెచ్చింది. ఆ గదిలో గోడ కాగితం పూలు, బల్ల, గౌను అంచు, అన్నీ ఒకే మట్టాన, నీడలు లేకుండా పరుచుకుంటాయి.

కానీ కసాట్ చెక్క ముట్టుకోలేదు. ఇదే ఇందులో అసలు చూడాల్సిన విషయం. ఆమెకు తెలిసిన పని రాగి రేకు. సూదితో నేరుగా రాగి మీద గీతలు గీసింది. చదును రంగు కోసం రేకు మీద సన్నటి రెసిన్ పొడి అంటించి యాసిడ్‌లో ముంచే ఆక్వాటింట్ పద్ధతి వాడింది. ఒక బొమ్మకు రెండు మూడు రేకులు. జపాన్‌లో రంగుకో చెక్క అయితే, ఈమె ఒకే రేకు మీద వేర్వేరు చోట్ల వేర్వేరు రంగులను గుడ్డ పీలికతో స్వయంగా అద్దేది. పక్కన లెరోయ్ అనే ప్రింటర్ ప్రెస్ తిప్పేవాడు. సెట్టులో మొదటిదైన స్నానం బొమ్మను ఆమె మార్చి మార్చి పదిహేడు దశల దాకా తీసుకెళ్లింది. ఇంత చాకిరీతో ఒక్కో బొమ్మకు 25 కాపీలు. ఏ రెండు కాపీల్లోనూ రంగు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండదు.

ఎదో పనిశాలలో వేల కాపీలు తియ్యడానికి నలుగురు పంచుకున్న పనిని పారిస్‌లో ఒక స్త్రీ దాదాపు ఒంటి చేత్తో చేసింది. నిజానికి జపాన్ పద్ధతిని అనుకరించాలనే ఆమె ఉద్దేశం. చివరికి అనుకరించింది మాత్రం ఫలితాన్ని, పద్ధతిని కాదు. 1891 ఏప్రిల్‌లో డ్యురాన్ రుయెల్ గ్యాలరీలో ఈ బొమ్మలు పెట్టారు. పక్క గదుల్లో ఫ్రెంచి అచ్చు కళాకారుల సంఘం ప్రదర్శన నడుస్తోంది. ఫ్రాన్స్‌లో పుట్టనివాళ్లకు అందులో చోటు లేదన్నారు. అందుకే అమెరికాలో పుట్టిన కసాట్, డేనిష్ వెస్టిండీస్‌లో పుట్టిన చిత్రకారుడు పిస్సారో విడిగా పెట్టుకోవాల్సి వచ్చింది. జపాన్‌ని నెత్తిన పెట్టుకున్న ఊళ్లోనే ఈ ముచ్చటా జరిగింది! రంగు ఎక్కడా మరకపడకుండా ఎంత మట్టంగా పడిందో మెచ్చుకుంటూ పిస్సారో కొడుక్కి ఉత్తరం రాశాడు.

చదును రంగుకు రాగి కన్నా సుఖమైన దారి రాయి. లిథోగ్రఫీలో సున్నపురాతి మీద జిడ్డు సుద్దతో గీసి తడిపితే, జిడ్డున్న చోటే సిరా పట్టుకుంటుంది. రంగుకో రాయి. జూల్ షెరే ఈ పద్ధతిలో అప్పటికే పారిస్ వీధులను పోస్టర్లతో నింపాడు. ఆయన పోస్టర్లలో రంగు పొగలా కలిసిపోతుంది. 1891లో మూలాన్ రూజ్ నాట్యశాల కోసం తులూజ్ లోత్రెక్ చేసిన పోస్టర్ చూస్తే తేడా తెలుస్తుంది. వెనక జనమంతా ఒకే నల్లటి నీడ. ముందు ఒక పొడుగు మనిషి బూడిదరంగు ఆకారం, అంచు దగ్గర కోసేసినట్టు. మధ్యలో నాట్యకత్తె లా గూల్యు తెల్లటి లంగా, అది కూడా కాగితం తెలుపే. మూడు వేల కాపీలు గోడలకెక్కాయి. జపాన్ ప్రింటర్లు తడి గుడ్డతో తుడిచి తెచ్చే, ముదురు నుంచి లేతకు జారే రంగు రాతి మీద అదే పద్ధతిలో కుదరదు. దానికి బదులు లోత్రెక్ టూత్‌బ్రష్‌ని సిరాలో ముంచి రాతి మీద తుంపర చల్లాడు. తన బొమ్మల మూలన పొడి అక్షరాలను గుండ్రటి ముద్రలా చుట్టేవాడు. ఎదో నటుల బొమ్మలు కూడా ఒకరకంగా నాటకాలకు పబ్లిసిటీయే కాబట్టి, అసలు సరుకు ఉద్దేశానికి అందరికన్నా దగ్గరగా వచ్చినవాడు లోత్రెక్కే అనాలి.

ఇంటి అలంకారం వైపు దీన్ని చివరిదాకా తీసుకెళ్లింది పియేర్ బొనార్. ‘నబీలు’ అని పిలుచుకున్న కుర్ర చిత్రకారుల గుంపులో స్నేహితులు ఆయనకు పెట్టిన ముద్దుపేరే ‘మరీ జపాన్ నబీ’. ముందు రంగులతో వేసిన ఒక మడత తెరను 1895-96లో ఆయన లిథోగ్రఫీలోకి మార్చాడు. నాలుగు పలకలు, ఒక్కోటి మనిషి ఛాతీ ఎత్తు, అయిదు రంగులు, 110 కాపీలు. కింద కుడివైపు ఒక తల్లి, చక్రం దొర్లించే పిల్లలు, కుక్క. మధ్యలో నిలువునా ఖాళీ. కొంచెం పైన ముగ్గురు ఆయాలు ఒకే ఆకారం మూడుసార్లు అచ్చేసినట్టు. పై అంచున బారులు తీరిన గుర్రబ్బండ్లు, బట్ట అంచు డిజైన్‌లా. దూరంగా ఉన్నది పైన, దగ్గరగా ఉన్నది కింద, అంతే లెక్క. బొమ్మలో సగానికి పైగా ఏమీ లేని కాగితం. అచ్చుబొమ్మే ఇక్కడ సామాను: మడవచ్చు, గది మధ్య నిలబెట్టవచ్చు, చాటున బట్టలు మార్చుకోవచ్చు. సొరుగుతో దానికి సంబంధమే లేదు.

అయినా 110 కాపీలే. ఆంద్రే మార్తీ 1893 నుంచి 1895 దాకా తెచ్చిన ఎస్తాంప్ ఒరిజినాల్ సంపుటాల్లో 74 మంది కళాకారుల 95 బొమ్మలున్నాయి, కాపీలు వంద. తక్కువ కాపీలు, కింద సంతకం, నంబరు: అచ్చుబొమ్మకు ఇవాళ మనం గ్యాలరీలో చూసే మర్యాదలన్నీ ఈ కాలంలోనే గట్టిపడ్డాయి. కారణం లేకపోలేదు. ఫొటోలు, చవక రంగు ప్రింట్లు ముంచెత్తుతున్న రోజుల్లో రంగు అంటేనే బజారు సరుకని పెద్దలకు చిన్నచూపు. సలోన్ అనే అధికారిక కళా ప్రదర్శనలో అచ్చుల విభాగం 1899 దాకా రంగు బొమ్మను గడప తొక్కనివ్వలేదు. బజారు సరుకు కాదని నిరూపించుకోవాలంటే అరుదైన సరుకు కావాలి. జపాన్ పేరు అందుకు సాయపడింది.

ఈ రెండు కొసలకూ ఒక్కడే వెళ్లొచ్చాడు, హెన్రీ రివియేర్. షా న్వార్ కాబరేలో నీడ బొమ్మలాటలు ఆడించినవాడు, మన తోలుబొమ్మలాటలా తెర వెనక దీపంతో. రంగు పొరలు ఒకదాని వెనక ఒకటి అమర్చడం ఆయనకు అక్కడే చేతికొచ్చింది. 1890 ప్రాంతంలో బ్రెటన్ తీరాన్నీ అలలనూ చెక్క మీద చెక్కడం మొదలుపెట్టాడు. నేర్పేవాళ్లు లేరు. పూర్తయిన జపాన్ బొమ్మను తిరగేసి మరగేసి చూసి, దాన్ని ఎలా చేసి ఉంటారో ఊహించుకున్నాడు. చెక్కిందీ, నీటి రంగులు నూరిందీ, అచ్చేసిందీ తనే. ఒక్కో బొమ్మకు ఓ ఇరవై కాపీలు. నాలుగేళ్లలో ఒళ్లు హూనమైంది.

ఈఫిల్ టవర్ మీద 36 దృశ్యాలు కూడా ముందు చెక్క మీదే మొదలెట్టి, రెండు మూడుతోనే ఆపి, లిథోగ్రఫీకి మారాడు. వెర్నో ప్రెస్‌లో అచ్చై 1902లో 500 కాపీలతో పుస్తకంగా వచ్చింది. హొకుసాయ్‌కి ఫ్యుజి ఎలాగో రివియేర్‌కి టవర్ అలాగ. మంచులో సగం లేచిన ఇనుప కాళ్లు, రేవులో బస్తాలు మోసే కూలీల వెనక వేలెడంత టవర్, టవర్ దూలాల మధ్య వేలాడుతూ రంగు వేసే పనివాడు. అయితే ఫ్యుజి యుగాలుగా పూజలందుకున్న కొండ, టవర్‌కి 1889లో లేచిన పదమూడేళ్ల తరవాత కూడా తిట్లు తప్పలేదు. రివియేర్ రంగులు కూడా హొకుసాయ్ నీలాలు కావు, పారిస్ చలికాలపు బూడిద, గోధుమ. ఆ నిగ్రహం నా లెక్కలో మొత్తం జపనిస్మ్‌లోనే మంచి తీర్పు. ఇక 1897 నుంచి ఆయన వెర్నో దగ్గరే ప్రకృతి దృశ్యాల పెద్ద లిథోగ్రాఫులు వేయించాడు. గోడకు పెట్టుకోవడానికి, మధ్యతరగతి ఇళ్లకూ బడులకూ అందే ధరలో.

రివియేర్ జపాన్ ఎప్పుడూ వెళ్లలేదు. ఆయన అలలు చెక్కుతున్న ఏళ్లలోనే టోక్యోలో లిథోగ్రఫీ, ఫొటోగ్రఫీ, వార్తాపత్రికలు కలిసి చెక్క బొమ్మల దుకాణాలను మూయిస్తున్నాయి. చెక్కను, నీటి రంగును పట్టుకునే అసలు తీరు పారిస్‌లో చేతి నుంచి చేతికి అందింది ఇంకా ఆలస్యంగా, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో. లండన్ మీదుగా వచ్చిన ఉరుషిబారా అనే జపాన్ పనివాడి దగ్గర ప్రోస్పెర్ ఇజాక్, జూల్ షాదెల్ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్లు కూర్చుని, కాగితం ఎంత తడపాలో, చేతి బిళ్ల ఎంత నొక్కాలో నేర్చుకున్నారు. ఇజాక్‌కి అప్పటికి యాభై దాటాయి.